బురద తూకం, మంచు తూకం

చక్రాలకు బదులు ఇనుప చైన్ల మీద నడిచే తన బండి ఎక్కేముందు ఎర్మీల్ ఎప్పుడూ సుత్తి తీస్తాడు. చైను ఇనుప పలకలను కలిపే పిన్నులను ఒక్కొక్కటే తట్టి, చెవి పెట్టి వింటాడు. గట్టిది ఖంగుమంటుంది. అరిగినది బొంగురుగా పలుకుతుంది.

"నాడి ఆడుతోందా, వైద్యుడుగారూ?" అనేవాడు సవ్వాతీ. అతడు ఎర్మీల్ భార్య అన్ఫీసాకు తమ్ముడు, చక్రాల లారీ డ్రైవరు. "నువ్వు బయల్దేరేలోగా నేను వెళ్లి కూడా వస్తాను బావా."

"దారి ఉన్నంతవరకు వెళ్తావు. దిగబడ్డాక లాగడానికి ఎవణ్ణి పిలుస్తావో అదీ చెప్పు."

ఉత్తరాది మంచుసీమలో, పెచోరా నది ఒడ్డున ఆ పల్లెకు నేలా నదీ గడ్డకట్టే చలికాలంలోనే బండి దారి. గట్టినేల మీద లారీకి సాటి లేదు. చైను బండి డీజిలు తాగుతుంది, ఇనుము అరగదీస్తుంది, నత్తలా పోతుంది. బురదలో లెక్క తిరగబడుతుంది. లారీ బరువంతా చక్రాల కిందే గుచ్చుకుంటుంది. చైను అదే బరువును చాపలా పరుస్తుంది. మనిషి మోకాలిదాకా దిగే చోట అది పైపైనే పోతుంది. "నా బండి అడుగు నీ అడుగు కన్నా తేలిక," అని ఎర్మీల్ ప్రతి విందులోనూ చెప్పేవాడు. సవ్వాతీ ఆ మాట మరిచిపోలేదు.

ఆ ఏడు నది మీది మంచుగడ్డ తొందరగా మెత్తబడింది. పల్లెకు రావలసిన చివరి పిండి బస్తాలతో సవ్వాతీ అవతలి ఒడ్డు చేరేసరికి గడ్డకట్టిన నది మీద నీళ్లు నిలిచాయి. లారీ అక్కడే వదిలి నడిచి వచ్చాడు. ఇక పడవలు తిరిగేదాకా పిండి రాదు.

"నీ బండి ఇవ్వు బావా. పట్టుకొచ్చేస్తా."

"వద్దు."

"బురదలో మునగనిది మంచు మీద మునుగుతుందా?"

"బురద అడుగు ఒత్తిడినే చూస్తుందిరా. మంచు మొత్తం బరువు చూస్తుంది. చైనైనా చక్రమైనా దానికొకటే."

"ఇన్నాళ్లూ తేలిక తేలిక అన్నావు. అడిగేసరికి బరువెక్కిందా? ఇనుము మీదున్న ప్రాణం ఇంట్లో పొయ్యి మీద లేదే నీకు!"

అన్ఫీసా పిండి డబ్బా అడుగు గీకుతోంది.

శనివారం మధ్యాహ్నం ఊరంతా ఆవిరి స్నానానికి పోతుంది. ఆవిరి గదిలో అక్కడి అలవాటుగా బర్చ్ చెట్టు ఆకు మండలతో ఒళ్లు కొట్టుకుంటున్న ఎర్మీల్‌కు తన ఇంజను గొంతు వినిపించింది. గొర్రెతోలు కోటు ఒక్కటి చుట్టుకుని ఒడ్డుకు పరుగెత్తాడు.

బండి అప్పటికే అవతలి ఒడ్డు ఎక్కుతోంది. మంచు మోసింది. అదే అతన్ని భయపెట్టింది. బస్తాల బరువుతోనూ మోస్తుందని ఇక సవ్వాతీ పూర్తిగా నమ్ముతాడు.

బస్తాలు ఎక్కాయి. బండి తిరిగి నది మంచు మీదికి దిగింది. ఎర్మీల్ చేతులు ఊపాడు, అరిచాడు. చైను గలగలలో ఏ గొంతూ నిలవదు. నది దాటేటప్పుడు అక్కడి డ్రైవర్లు దూకడానికి వీలుగా తలుపులు తెరిచి తాళ్లతో కట్టేస్తారు. లారీలో సవ్వాతీ ఏనాడూ అది మరవలేదు. ఇప్పుడు రెండు తలుపులూ మూసి ఉన్నాయి.

నది నడుమ గలగల ఆగింది. తగ్గి ఆగలేదు, తెగి ఆగింది.

అన్ఫీసా వచ్చేసరికి విరిగిన మంచు నడుమ నల్లటి నీరు తప్ప ఏమీ లేదు. సవ్వాతీ కోసం తాళ్లతో, బల్లలతో వెళ్లినవాళ్లు అంచు విరిగిపోతుంటే వెనక్కి వచ్చారు.

మర్నాడు పొద్దున ఎర్మీల్ సుత్తి తీశాడు. తట్టడానికి పిన్నులు లేవు. నది మంచు మీదికి దిగి, అడుగడుగుకీ ముందు మంచును తట్టి, చెవి పెట్టి విన్నాడు. బొంగురుగా పలికింది. ఆ నల్లటి నీటివైపు ఇంకో అడుగు వేశాడు.