దూదిలో చిక్కిన నలుపు

హుసేనప్ప మంచివాడని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మంచివాడే, కాదనను. కానీ ఆ మంచివాడి నోటి మాట వల్ల నేను పద్దెనిమిది రోజులు కర్నూలు లారీ స్టాండులో తలెత్తుకోలేక తిరిగాను. ఆ పద్దెనిమిది రోజులు నాకెవరు తిరిగిస్తారు? అందుకే ఆయన గురించి చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరిగితే మీరు ఓర్చుకోవాలి.

నా పేరు సుంకన్న. అప్పట్లో బండల కాంట్రాక్టరు మహానందిరెడ్డి దగ్గర జీపు డ్రైవర్ని. అది యుద్ధంలో మిలిటరీ వాళ్ళు వాడి వదిలేసిన జీపు. వేలంలో మూడు చేతులు మారి రెడ్డికి దక్కింది. వెనక ట్రైలరు తగిలించి, గనుల్లో నాపబండలు నింపి రైలు స్టేషను దాకా లాగడమే దాని పని. మనుషుల్ని మోయడానికి పుట్టిన బండితో ఆ మహానుభావుడు కొండల్ని మోయించాడు.

హుసేనప్ప జీపుల మేస్త్రీ. కల్లూరు దారిలో, లారీ స్టాండు పక్కన ఆయన రేకుల షెడ్డు. పుట్టింది దూదేకుల ఇంట్లో. తాత, తండ్రి వింటిబద్ద భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకినవాళ్ళు. హుసేనప్ప కూడా ఇరవయ్యేళ్ళ దాకా అదే పని చేశాడు. తర్వాత యుద్ధం వచ్చింది. మద్రాసు పక్క మిలిటరీ వర్క్‌షాపులో చేరి, నాలుగేళ్ళు జీపుల కింద పడుకుని, ఒక పెట్టెడు స్పానర్లతో, బోలెడు కోపంతో తిరిగొచ్చాడు. కోపం మాత్రం యుద్ధానికి ముందే ఉందని ఆయన భార్య ఫాతిమా బీ అందరికీ చెప్పేది.

ఆయన పని చేసే తీరే వేరు. బండి రాగానే స్పానరు పట్టేవాడు కాదు. చెప్పులు విప్పి, జీపు వెనక భాగంలో ఉత్తికాళ్ళతో కూర్చుని, కళ్ళు మూసుకునేవాడు. "లాగు" అనేవాడు. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కాలి. "వదులు" అనేవాడు. కాలు తీసేయాలి. లాగేటప్పుడు వెనక అరుపు వస్తే పెద్ద పళ్ళచక్రం, దాన్ని తిప్పే చిన్న పినియను అరిగాయని లెక్క. వదిలినప్పుడు అరిస్తే పినియను బేరింగులు వదులయ్యాయి. మలుపులో మాత్రమే అరిస్తే లోపలి చిన్న పళ్ళు. కదిలేటప్పుడు టక్కుమంటే షాఫ్టు జాయింటు. అంతా ఉత్తికాళ్ళతోనే పట్టేవాడు.

ఇరుసు గూడు విప్పాల్సి వస్తే ఆఖరి పరీక్ష ఒకటుండేది. ఏకిన దూదిని సాలెగూడంత పల్చగా లాగి, సత్తు పళ్ళెం మీద పరిచి, లోపలి నూనెను దానిలోంచి వడగట్టేవాడు. దూదిలో సూదుల్లాంటి తెల్లటి ముక్కలు మిగిలితే పళ్ళు పోతున్నాయి. పొలుసులు మిగిలితే బేరింగులు. పచ్చటి పొడి మిగిలితే ఇత్తడి బుష్షులు. "డ్రైవరు చెప్పేది నేను ఇనను. బండి చెప్పేదే ఇంటా" అని గొప్పగా చెప్పుకునేవాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి. నేను మాత్రం చచ్చేదాకా మర్చిపోను.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు ఎత్తిపోయిన మరుసటి ఏడు, ఎండలు ముదిరే రోజులు. మా జీపు వెనక ఇరుసుకు పినియను దగ్గరుండే ఆయిలు సీలు పోయింది. బండి నిలిపిన చోటల్లా నేల మీద నూనె మరక. రెడ్డికి చెప్పాను.

"కారితే కారనీలే. కారుతాండాదంటే లోపల ఉండాదనే గదా" అన్నాడు.

ఏం చెప్తాం ఇలాంటి మనిషికి? నెల తిరిగేసరికి కారడం ఆగిపోయింది. రెడ్డి సంబరపడ్డాడు. కారడానికి లోపల ఇంకేమీ లేదని వాడికి తెలియదు. నాకు తెలుసు. తెలిసీ, నూనె కావాలని అడిగితే వచ్చే వారం అన్నాడని నోరు మూసుకుని తోలాను. ఆ సంగతి తలుచుకుంటే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

తర్వాత అరుపు మొదలైంది. మొదట లాగేటప్పుడు మాత్రమే. రానురాను వదిలినప్పుడు కూడా. మా నాయన మారెన్న నలభై ఏళ్ళు ఎద్దులబండి తోలినవాడు. మార్కెట్టుకు శెనక్కాయల మూటలు, పత్తి బోరేలు తోలి తోలి నడుం వంగిపోయింది. ఆముదంలో కాల్చిన గడ్డిమసి కలిపి బండి ఇరుసుకు కందెన చేయడంలో మా ఊళ్ళో ఆయన్ను మించినవాడు లేడు. ఎద్దులు అమ్మేసినా ఆ కందెన ఉన్న వెదురు గొట్టం మాత్రం ఇంటి వాసానికి వేలాడుతూనే ఉండేది. ఆయన చేతులకు ఆ వాసన ఎన్నడూ పోలేదు.

ఒకరోజు మధ్యాహ్నం నేను భోజనానికి జీపు వేసుకుని వస్తే నాయన అరుగు మీంచి అన్నాడు. "రేయ్, దాని ఇరుసు ఎండిపోయిండాది."

"అది ఎద్దులబండి కాదు నాయనా. నీకు తెలీని దాంట్లో తల దూర్చొద్దు" అని కసిరాను. నేను తిని, గంటసేపు కునుకు తీసి, బండి తీసుకుని పోయాను.

చిత్రం, ఆ సాయంత్రం నుంచి అరుపు సగానికి సగం తగ్గింది. ఎందుకు తగ్గిందని నేను అడగలేదు. తగ్గింది కదా అని ఈల వేసుకుంటూ తోలాను. మొండి వెధవని.

వారం తర్వాత రెడ్డి వియ్యంకులు వస్తున్నారని జీపు కడగమన్నాడు. కడిగాను. షాఫ్టు వచ్చి కలిసే ఇరుసు మూతి చుట్టూ కారిన నూనెకు ఎర్రదుమ్ము అంటుకుని మందంగా గడ్డకట్టి ఉంటే, కత్తితో గీకి గీకి తీశాను. కిరసనాయిలుతో తుడిచి మెరిసేలా చేశాను. నా వైపు సాక్ష్యం చెప్పాల్సింది ఆ మురికి ఒక్కటే, దాన్ని నా చేతులతోనే తుడిచేశాను.

మరునాడు బండల ట్రైలరుతో గని మిట్ట ఎక్కుతుంటే వెనక ఫట్టుమంది. ఇంజను తిరుగుతోంది, షాఫ్టు తిరుగుతోంది, వెనక చక్రాలు కదలవు. ట్రైలరు అక్కడే వదిలి, వెనక షాఫ్టు ఊడదీసి, ముందు చక్రాలు కలిపి, వాటి బలంతోనే హుసేనప్ప షెడ్డు దాకా తెచ్చాను. అలా తేవడం అందరు డ్రైవర్లకీ చేతకాదు. ఎవడు మెచ్చుకున్నాడు?

ఆ రోజు హుసేనప్పకు ఏదో పూనింది. రాజధాని పోయాక సర్కారు జీపులన్నీ పోయాయి, షెడ్డు బోసిపోయింది. దానికి తోడు ఆ వారంలోనే ఇద్దరు డ్రైవర్లు క్లచ్చి తటాలున వదిలి ఇరుసులు విరగ్గొట్టి తెచ్చారు. నాది మూడోది. జాకీ ఎత్తి, ఇరుసు మూతి పట్టుకుని చేత్తో తిప్పి చూశాడు. చక్రం కదల్లేదు. వంగి కింద చూశాడు. శుభ్రంగా మెరుస్తోంది.

"చుక్క కారల్యా. నూనె లోపం కాదు. బరువు మీద క్లచ్చి టక్కున వదిలినాడు, పళ్ళు రాలినాయి. డ్రైవరు తప్పు" అన్నాడు. రెడ్డి ముందర, టీ అంగట్లో కూర్చున్న పదిమంది ముందర.

"మామా, సీలు పోయి మూన్నెల్లయింది. నూనె దించి చూడు" అన్నాను.

"నువ్వు నాకు నేర్పిస్తాండావా?"

రెడ్డి అక్కడికక్కడే నన్ను పొమ్మన్నాడు. అది పోతే పోయింది. హుసేనప్ప మాటంటే లారీ స్టాండులో కోర్టు తీర్పు కింద లెక్క. నాకు తెలిసిన పనల్లా స్టీరింగు పట్టడమే. ఆయన ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుంటే తప్ప నాకు ఇంకెవరూ బండి ఇవ్వరు. ఎక్కడికి పోయినా, "ఇరుసు ఇరగ్గొట్టినోడు నువ్వే గదా?" అని నవ్వారు. ఇంట్లో నాయన ముఖం చూడలేక గుడి మెట్ల మీద కూర్చునేవాణ్ణి. హుసేనప్పను నేను తిట్టిన తిట్లు ఆయన ఏడు తరాలకూ సరిపోతాయి.

పద్దెనిమిదో రోజు మద్రాసు నుంచి కొత్త పళ్ళచక్రం, పినియను వచ్చాయని తెలిసింది. అంటే ఆ రోజే ఇరుసు విప్పుతారు. నేరుగా పోయాను. రెడ్డి కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"నా కండ్ల ముందర విప్పు మామా. దూది పెట్టి చూడు. నా తప్పని తేలితే ఈ ఊరు ఇడిసి పోతా" అని అరిచాను.

హుసేనప్ప దూది పరిచి, కింది బిరడా విప్పాడు. నూనె రాలేదు. ఒక్క చుక్క రాలేదు. ఆయన ముఖం మారింది. వేలు పెట్టి కెలికితే నల్లటి ముద్ద ఊడొచ్చింది. దాన్ని దూది మీద వేసి కిరసనాయిలు పోశాడు. నలుపు కరిగి పళ్ళెంలోకి దిగింది. దూదిలో తెల్లటి ఉక్కు ముక్కలు మిగిలాయి. వాటి మధ్య సన్నటి కాలిన గడ్డిపోచలు. ఆముదం వాసన గుప్పుమంది.

అది మా నాయన చేతుల వాసన. నేను కునుకు తీసిన ఆ గంటలో ముసలాయన నా స్పానరుతోనే బిరడా తీసి, వాసానికున్న గొట్టం మొత్తం ఖాళీ చేశాడు. కందెన అరుపును మూసిందే గానీ పళ్ళను కాపాడలేదు. ఇప్పుడు హుసేనప్ప నోరు విప్పితే నా తప్పు పోతుంది, మా నాయన తప్పు అవుతుంది. రెడ్డి ఆ ముసలాణ్ణి బజారుకీడుస్తాడు.

"ఏందది నల్లగా?" అని రెడ్డి వంగాడు.

పల్లెల్లో తిరిగి పెరిగిన హుసేనప్పకు కందెన తెలియకుండా ఉంటుందా? నా వైపు చూశాడు. మా నాయన ఎవరో ఆయనకు తెలుసు. నా ముఖం చూసి మిగతాది తెలుసుకున్నాడు. దూదిని మెల్లగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"నూనె. కాలిపోయిన నూనె" అన్నాడు. ఆ మనిషి అబద్ధం చెప్పగా నేను విన్నది అదొక్కసారే. తర్వాత ఎండి బిరుసెక్కిన సీలు పీకి రెడ్డి ఒళ్ళో పడేశాడు. "ఇది చూడు రెడ్డీ. మూన్నెల్లు నూనె పొయ్యకుండా తోలించినావు. ఎద్దుకైనా నీళ్ళు పెడ్తారు గదప్పా, దీనికి సేరు నూనె పొయ్యలేకపోతివా?"

"నువ్వే గదా డ్రైవరు తప్పన్యావు?" అని రెడ్డి ఎగిరాడు.

"అంటి. తప్పంటి. నూనె దించకుండా, దూది పెట్టకుండా, ఎవురి మీదో కోపం వీని మీద చూపిస్తి."

అని ఊరుకోలేదు. చేతులు కూడా తుడుచుకోకుండా టీ అంగడి ముందుకు పోయి, అక్కడున్న వాళ్ళను తిడుతున్నట్టే అరిచాడు. "ఇనండి అందరూ! సుంకన్న తప్పు ఏమీ ల్యా. తప్పు రెడ్డిది, ఆనక నాది. ఇంకొకసారి వాణ్ణి ఎవురైనా ఆ మాటన్యారంటే వాళ్ళ బండి నా షెడ్డుకు రాకూడదు."

సోమవారం నుంచి పనికి రమ్మన్నాడు రెడ్డి. నేనన్న మాట ఇక్కడ రాయదగ్గది కాదు. ఆ సాయంత్రమే లారీ ఓనరు ఉరుకుందప్ప పిలిచి బండి తాళం చేతిలో పెట్టాడు. సంతోషించాలి కదా? నాకు సంతోషం రాలేదు. ఇంటికి పోయి ముసలాణ్ణి కడిగేద్దామన్నంత కోపంగా ఉంది.

"మీ ఇంటికి పోదాం పా" అని హుసేనప్ప వెనకే బయల్దేరాడు.

"మా నాయన జోలికి రావద్దు మామా. నేనే చెప్పుకుంటా."

ఆయన వింటేగా. నాయన అరుగు మీద కూర్చుని నారతాడు పేనుతున్నాడు. హుసేనప్ప ఆయన పక్కన కూర్చుని, జేబులోంచి దూది తీసి చేతిలో పెట్టాడు. నాయన ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి నవ్వాడు.

"నాదే. ఏమప్పా, అరుపు తగ్గిందా లేదా?"

నేను నోరు తెరవబోయాను. హుసేనప్ప నా కాలు తొక్కాడు.

"తగ్గిందన్నా" అన్నాడు. "నువ్వు ఆ బండి ఎక్కల్యా, కింద పండుకోని చూడల్యా. ఇరుసు ఎండిపోయిందని నీకెట్లా తెలిసినాది?"

నాయన పేనడం ఆపి, మా ఇద్దరినీ వింతగా చూశాడు.

"తెలిసేదేముందప్పా? అన్ని దినాలు అంత గట్టిగా అరుస్తాంటే. మీకెవురికీ ఇనపల్యా?"

హుసేనప్ప తల వంచుకున్నాడు. నేనూ వంచుకున్నాను.