ఖాళీ సైకిల్ కొలత

నవంబరు పదకొండు. హాజరు: నేను, నా భార్య రాజ్యం, దంతెవాడలో మా మేనకోడలు శైలజ. సాయంత్రం ముత్తక్క పేరు కూడా చేర్చాను. ఆమె ఎవరో తర్వాత చెబుతాను.

శైలజ అక్కడ ఇంజినీరు. బజారు వీధిని నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ అనువుగా మార్చే పని ఆమెకు అప్పగించారు. జీపులు, లారీలు, మోటారుసైకిళ్ళు ఇకపై పక్క దారిన పోవాలి. వాటిని ఆపడానికి వీధి రెండు చివరలా ఇనుప స్తంభాలు పాతాలి. స్తంభాల మధ్య ఎంత సందు వదలాలని రెండు నెలల క్రితం నాకు ఫోన్ చేసింది. రోడ్ల పనుల్లోనే ఉద్యోగం చేసి రిటైరైన వాణ్ణి కదా! భద్రాచలంలో మా వరండాలో ఉన్న నా సైకిల్ హ్యాండిల్ కొలిచాను. రెండడుగులు. అటూ ఇటూ అరడుగు చేర్చి మూడడుగులు చాలన్నాను. డైరీలో రాసుకున్నాను కూడా. ‘మీ కొలత వీధిలో చూద్దురు గాని రండి మామయ్యా’ అని పిలిస్తే బయలుదేరాం.

ఉదయం 5.40కి భద్రాచలంలో బస్సు. 9.35కి సుక్మాలో దిగి, బస్టాండు ఎదుట అటుకుల పోహా, దాంతోపాటు జిలేబీ తిన్నాం. దంతెవాడ బస్సులో నా పక్కన ఒక పెద్దాయన ఒళ్ళో కోడిని పెట్టుకుని కూర్చున్నాడు. ఎందుకు పోతున్నారని అడిగితే వీధి చూడటానికన్నాను.

“వీధి చూడనీకి ఇంత దూరమా బాపూ? మా ఊరికి రా. అసలు వీధే లేదు, అది చూద్దువు” అని నవ్వాడు.

1.20కి దంతెవాడ చేరాం. శైలజ క్వార్టర్‌లో టమాటా పప్పుతో భోజనం. మూడు గంటలకు వీధికి వెళ్ళాం. ఆ రోజు సంత. స్తంభాలు రావలసిన చోట డ్రమ్ములు నిలబెట్టారు, సైకిల్ దారికి సుద్దగీతలు గీశారు. మర్నాడు ఏడింటికి కాంక్రీటు పని. నడివీధిలో ఆడవాళ్ళు తలమీద బుట్టలతో వెనక్కి చూసుకోకుండా నడుస్తున్నారు. చూస్తే ముచ్చటేసింది.

అప్పుడే ఒక సైకిల్ నా మూడడుగుల సందులో ఇరుక్కుంది. కట్టపైన కట్టగా విస్తరాకులు, క్యారియర్‌కు రెండు వైపులా సంచులు. తోసుకొస్తున్నావిడ ముత్తక్క. తెలుగు మాట్లాడే బాసగూడ వైపు నుంచి వచ్చి ఈ ఊరి చివర ఉంటోంది. లోపలి హోటళ్ళకు రోజూ విస్తళ్ళు వేస్తుంది.

“ఏందిది? సైకిల్‌కు తోవ అంటిరి, మేక దూరే సందు పెడితిరి!”

“మూటలు దించి రెండుసార్లు తీసుకెళ్ళకూడదా?” అన్నాను.

“ఒక మూట లోపల పెట్టొచ్చేలోపు రెండోది మేకలు మేస్తయ్ బాపూ. నువ్వు కాపలా ఉంటవా రోజూ? హోటలోడేమో ఆలస్యమైతే ప్లాస్టిక్ పళ్ళేలు తెచ్చుకుంట అంటుండు. గా బేరం పోతే నేనేం జేయాలె?”

ఖాళీ సైకిల్‌ను కొలిచింది నేనే. ఇక్కడ ఖాళీ సైకిల్‌తో సంతకు వచ్చేవాళ్ళెవరు? జేబులోంచి టేపు తీసి ఐదున్నర దాకా వచ్చిన ప్రతి సైకిల్‌నీ కొలిచాను. ముత్తక్కదే అన్నిటికన్నా వెడల్పు: నాలుగడుగుల మూడంగుళాలు. సందు ఐదడుగులు ఉండాలన్నాను.

“ఐదడుగులు వదిలితే మోటారుసైకిళ్ళు వేగం తగ్గించకుండానే దూరతాయి మామయ్యా. ఇక వీధి మార్చి ఏం లాభం?” అంది శైలజ.

“దూరితే నేను జూస్కుంట మేడం. సందు పక్కన్నే నన్ను కూసోనియ్యి” అంది ముత్తక్క.

రాత్రి భోజనానికి ముందు శైలజ పై అధికారికి ఫోన్ చేసింది. డ్రాయింగ్ మార్చాలంటే కారణం కాగితం మీద కావాలన్నాడాయన. నేను ఆ సాయంత్రం రాసుకున్న కొలతల పేజీ అడుగున ‘మూడడుగులని చెప్పినవాణ్ణి నేనే. ఖాళీ సైకిల్ కొలిచి పొరబడ్డాను’ అని రాసి, సంతకం పెట్టి, డైరీలోంచి చింపి ఇచ్చాను.

“పిల్లలు పడవ చేసుకుంటామని ఏడ్చినా ఒక్క కాగితం ఇవ్వలేదు ఈ మనిషి!” అంది రాజ్యం.

మర్నాడు 6.45కి జవాబు వచ్చింది: ముందు ఒక చివరనే ఐదడుగులు, నెల రోజులు చూశాక రెండో చివర. ఏడింటికి మేస్త్రీ కొత్త గుర్తుల మీద గుంతలు తీశాడు. 7.50కి ముత్తక్క సైకిల్ వచ్చింది. ఇరు పక్కలా సంచులు గుంతల అంచుకు తగలకుండా ఆగకుండా లోపలికి పోయింది. వెనకే ఒక మోటారుసైకిల్. ఆమె చప్పున తన సైకిల్‌ను అడ్డంగా స్టాండు వేసింది.

“దిగి తోసుకుంట పో అల్లుడా. నేను తోస్తలేనా?”

అతను మొహం చిట్లించి, ఇంజను ఆపి, దిగాడు.

9.30 బస్సుకు తిరుగు ప్రయాణం. చూడబోయేవాళ్ళు సంతరోజు మధ్యాహ్నం వెళ్ళండి. వీధి నిదానంగా, మనుషుల అడుగుల చప్పుడుతో బాగుంటుంది. రెండో చివర ఇంకా మూడడుగులే. సుక్మా దాకా కిటికీలోంచి ఎదురొచ్చే సైకిళ్ళనే చూస్తూ కూర్చున్నాను. ఒక్కటీ ఖాళీగా రాలేదు.