అంకె ఒకటి, గీత ఒకటి

1994 వేసవిలో నేను ఖమ్మంలోని ఒక ప్రైవేటు డిజైన్ ఆఫీసులో కంప్యూటర్ డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. జిల్లా మొత్తంలో కంప్యూటర్ మీద డ్రాయింగు గీసేవాణ్ణి నేనొక్కణ్ణే. జిల్లా మొత్తం అన్నది కొంచెం ఎక్కువే. మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌ను లెక్కలోంచి తీసేస్తే, మా బజారు వరకైతే నిజం.

అప్పుడు మాకు వచ్చిన పని చర్ల దగ్గర ఒక చెరువు తూముకు ఇనుప తలుపు. పాతది తుప్పుపట్టిపోయి, ముందటేడు నీళ్లన్నీ వాగుపాలయ్యాయి. తూము కింద మొదటి మడి సోమయ్యది. నాట్లు వేయలేక భూమిని బీడు పెట్టుకున్న ఆ రైతు, ఈసారి వానలకు ముందే తలుపు బిగించాలని మా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు.

ప్లేటు కోసేది హైదరాబాద్ వర్క్‌షాపులో కంప్యూటర్ నడిపే గ్యాస్ కటింగ్ మిషను. వాళ్ల సాఫ్ట్‌వేర్ వేరు, మాది వేరు. అందుకని మా డ్రాయింగును రెండూ చదవగలిగే డీఎక్స్‌ఎఫ్ అనే తటస్థ ఫైలుగా ఎగుమతి చేసి ఫ్లాపీలో పంపేవాళ్లం; వాళ్లు దిగుమతి చేసుకునేవాళ్లు. ఆ పొద్దున తలుపు ఫ్లాపీని హైదరాబాద్ బస్సు కండక్టరుకు అప్పగించాం.

చర్ల బస్సుకు ఇంకా టైముంది. సోమయ్య నా పక్కన కూర్చుని, అంత తలుపు అంత చిన్న బిళ్లలో ఎట్లా పోతుందని అడిగాడు. పంపే ప్రతి ఫైలునూ తిరిగి తెరిచి చూడడం నా నియమమని తర్వాత జూనియర్లకు చాలాసార్లు చెప్పాను. ఆ రోజు తెరిచింది మాత్రం ఆయన ముందు గొప్పకు. వర్క్‌షాపు వాడే సాఫ్ట్‌వేర్ కాపీ ఒకటి, సరిచూసుకోవడానికి, మా దగ్గరా ఉండేది. అందులో తెరిస్తే తలుపు బొమ్మ చక్కగా వచ్చింది. వెడల్పు మాత్రం 1350 మిల్లీమీటర్లకు బదులు 1200 చూపించింది.

ముందు సాఫ్ట్‌వేర్‌ను తిట్టాను. తర్వాత మా అసలు డ్రాయింగులో గీతను కొలిస్తే అదీ 1200. సైటు నుంచి కొత్త కొలత రాగానే మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ యాదగిరి గారు గీతలను కదపకుండా, పక్కనున్న అంకెను మాత్రం మార్చారు. ట్రేసింగు కాగితం నాటి అలవాటు అది. గీతలన్నీ గీకితే కాగితం చిరుగుతుంది కనుక అంకె ఒక్కటే బ్లేడుతో గీకి దిద్ది, స్కేలు పెట్టి కొలవవద్దు, రాసిన అంకెనే పాటించాలి అని కింద రాసేవాళ్లు. ఫిట్టరుకు అది చాలు. దిగుమతి చేసుకున్న సాఫ్ట్‌వేర్ మాత్రం దిద్దిన అంకెను పక్కన పెట్టి గీతను తానే కొలుచుకుంది. కోసే మిషనూ గీత వెంటే పోతుంది.

“ముప్పై ఏండ్ల సంది గిట్లనే దిద్దుతున్న. ఒక్క తలుపన్న తప్పిందా?” అన్నారు యాదగిరి గారు.

“తప్పలే అన్నా. అప్పుడు చదివింది మనిషి, ఇప్పుడు చదివేది మిషను” అని అక్కడికక్కడే జవాబిచ్చానని చెప్పుకుంటుంటాను. ఆ జవాబు నాకు వారం తర్వాత తట్టింది. అప్పుడు నోట్లోంచి వచ్చింది “అవ్ అన్నా” మాత్రమే.

“అంటే తలుపు సిన్నగైతదా సారూ? నీళ్లు ఆగయా?” అన్నాడు సోమయ్య.

ఎక్కువ కోస్తే తగ్గించుకోవచ్చు. తక్కువ కోస్తే ఆ ప్లేటు దండుగే. ఇంకొకటి తెప్పించేలోగా వానలు పడతాయి.

నేను ఎస్టీడీ ఫోన్ బూత్‌కు పరుగెత్తి మిషను ఆపించానని మా ఇంట్లో అందరికీ తెలుసు. మిషను ఆగలేదు, అసలు మొదలే కాలేదు. ఫ్లాపీ ఇంకా బస్సులోనే ఉంది. పరుగెత్తిందీ యాదగిరి గారే. నేను వర్క్‌షాపు నంబరు వెతికిచ్చాను. ఆ ఫ్లాపీ వస్తే తెరవవద్దని ఆయన ఫోనులో చెప్పి వచ్చి, కూర్చుని గీతలన్నీ తానే సరిచేశారు. మళ్లీ ఎగుమతి చేసి, దిగుమతి చేసి కొలిస్తే 1350 వచ్చింది.

రెండో ఫ్లాపీని కండక్టరుకు ఇవ్వబోతే సోమయ్య చేయి చాపాడు.

“ఈ పారి నేనే పట్టుకపోత. మీ అంకెను నమ్మ, మీ గీతను గూడ నమ్మ.”

రుమాలులో చుట్టుకుని, చర్ల బస్సు వదిలేసి హైదరాబాద్ బస్సెక్కాడు. ప్లేటు కోసేదాకా మిషను ముందు నుంచి కదలలేదట. తలుపు వానలకు ముందే తూము గాడిలో సరిగ్గా కూర్చుంది. ఆ ఏడు మొదటి మడిలో నాట్లు పడ్డాయి.

అప్పటి నుంచి మా ఆఫీసులో అంకె మారితే గీత మారాల్సిందే. తటస్థ ఫైలు గీతను మోసుకుపోతుంది. ఆ గీతను నమ్మవద్దని మనలో మనం చేసుకున్న ఒప్పందాన్ని మోసుకుపోదు.