రెండు ఆసులతో ఓడిపోయాను

ఈ రోజు మధ్యాహ్నం వాన పడి మిరప చేలో పని ఆగింది. మా వసారాలో నలుగురం పేకాటకు కూర్చున్నాం. ఓడినవాడు గెలిచినవాడికి అందరి ముందూ టీ కాచి ఇవ్వాలి. ముప్పై ఏళ్లలో మా బావమరిది సుబ్బారావు చేతిలో నేను ఒక్కసారి కూడా ఓడలేదు. ఆట మాత్రం కొత్తది, పోకర్; పందేనికి డబ్బుల బదులు చింతపిక్కలు. చేతికి రెండు ముక్కలు, తర్వాత అందరికీ కలిపి కింద ఐదు.

నాకు రెండు ఆసులు పడ్డాయి. మూడు ముక్కలాటలో పెద్ద ముక్కలొస్తే మెదలకుండా ఉండి ఎదుటివాళ్లను లోపలికి లాగుతాం. ఇక్కడా పందెం పెంచకుండా ఊరుకున్నాను. కింద మొదటి మూడు ముక్కలు తెరిచారు: ఏడు, నాలుగు, రాజు. నా చింతపిక్కలన్నీ తోసేశాను. సుబ్బారావు ఒక్కడే సరే అని తనవీ తోసి ముక్కలు చూపించాడు. వాడి చేతిలోనూ ఏడు, నాలుగే ఉన్నాయి! వాడివి రెండు జతలు, నాది ఒక్క ఆసుల జతే. మిగతా రెండు ముక్కలూ తెరిచారు. మూడో ఆసు రాలేదు.

"ఒరేయ్, ఆ చెత్త ముక్కలతో ఎందుకున్నావురా?"

"నువ్వు ముందే పెంచితే పారేసేవాణ్ణి బావా. ఊరికే చూడనిచ్చావు, చూశాను."

టీ కాచి ఇచ్చాను. పంచదార తక్కువైందట వాడికి.

రెండు ఆసులొస్తే మీరు ముందే గట్టిగా పెంచుతారా, నాలాగే కూర్చుంటారా? చెప్పండి. సుబ్బారావు పక్షం వాళ్లు మాత్రం రాయక్కర్లేదు.