మా బండికి ముక్కు కుట్టిన వేసవి

మొన్న ఆదివారం నల్గొండలో మా తమ్ముడి కొడుకు కొత్త కారు కొన్నానని పిలిస్తే నేనూ మా ఇంటామె వెళ్లాం. నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, అందరూ తలుపులూ సీట్లూ తడిమి మురిసిపోతుంటే, నా చెయ్యి మాత్రం నాకు తెలియకుండానే బానెట్ మీద ఉబ్బెత్తుగా, గాలి పీల్చడానికే అన్నట్టు తెరుచుకుని ఉన్న ముక్కు దగ్గరికి పోయింది. వేలు లోపలికి పెట్టాను. గోరు టక్కున ప్లాస్టిక్ గోడకు తగిలింది. "పెద్దబాపు, గది ఉత్త షోకే. దాంట్లకెళ్లి గాలి పోదు" అన్నాడు వాడు కొంచెం సిగ్గుపడుతూ. అంత దూరం నుంచే మా ఇంటామె "ఇగ మొదలువెడ్తడు సూడు మీ పెద్దబాపు" అని నవ్వింది. నేనక్కడేమీ మొదలుపెట్టలేదు. ఆమె నవ్విన నవ్వుకు కారణం మాత్రం మీతో చెప్పుకోవాలి. మగ్గం వదిలేసి నలభై దాటాక స్టీరింగు పట్టిన నా ఈడు వాళ్లు ఈ జిల్లాలో తక్కువేం లేరు.

తెలంగాణ వచ్చిన కొత్త రోజులవి. మాది రామన్నపేట. ముందర గదిలో రెండు గుంత మగ్గాలు, ఒకదాని మీద బాపు, ఇంకోదాని మీద నేను. దారాలను ముడులు కట్టి, రంగుల్లో ముంచి, పోగు పోగుకూ పువ్వు కలిసేలా నేసిన చీరలు కదలక మూలన పడి ఉండేవి. మా అన్న అప్పటికే భీవండికి వలసపోయి, అక్కడి మరమగ్గాల మోతలో చెవులు పోగొట్టుకున్నాడు. ఫోనులో మనం ఒకటి అడిగితే ఆయన ఇంకోటి చెప్పేవాడు. ఆయన వెంట నేనూ పోవడమా, లేక ఊళ్లోనే ఉండి కిరాయికి బండి నడుపుకోవడమా అని ఇంట్లో ఏడాది పాటు తర్జనభర్జన జరిగి, చివరికి నేను పంతానికి పోయి జీపులాంటి పాత డీజిల్ బండి ఒకటి తెచ్చాను. నిజం చెప్పొద్దూ, దాని బానెట్ మీది ముక్కు చూసే మనసు పడ్డాను. ఎదురుగా వస్తుంటే కోడె తల ఎగరేసినట్టుండేది. అది పాత యజమాని సోకు కోసం బిగించుకున్నదని తెలియదు నాకు.

బండి వాకిట్లో ఆగగానే బాపు మగ్గం గుంతలోంచి లేచి వచ్చి, చీరలో తప్పు వెతికేటప్పటి చూపుతో చుట్టూ తిరిగి, ముక్కులో వేలు పెట్టి, "ముక్కు వెట్టిండ్రు గని తొర్రలు వెట్టుడు మర్సిండ్రు" అని మళ్లీ గుంతలో దిగిపోయాడు. నేను బండి నడపడం ఆయనకు ఇష్టం లేదు. భీవండి పోవడం అంతకంటే ఇష్టం లేదు. ఆయనకు కావలసింది పక్క మగ్గం మీద నేను కూర్చోవడం, అదొక్కటే కుదరనిది.

చలికాలమంతా బండి బాగానే నడిచింది. ఎండలు ముదరగానే అసలు గుణం బయటపడింది. నిండా మనుషులను ఎక్కించి ఎత్తు రోడ్డు ఎక్కితే చాలు, లాగుడు తగ్గిపోయి, వేడి చూపించే ముల్లు ఎర్రగీతకు ఎగబాకేది. చెట్టు నీడ చూసి ఆపడం, బానెట్ లేపడం, చల్లారేదాకా అందరూ రోడ్డు పక్కన నిలబడడం. ఊళ్లో ఆ పరాచికం ఇప్పటికీ ఉంది, నా బండెక్కితే చింతచెట్టు చింతచెట్టుకూ దిగాలని. నవ్వుతూనే అనేవాళ్లు, నవ్వుతూనే వేరే బండి మాట్లాడుకునేవాళ్లు. భీవండి నుంచి అన్న, తన పక్కనే జాగా ఖాళీ ఉందని కబురు పెట్టాడు.

ఆ వైశాఖంలోనే మా వీధి చివరింటి పిల్ల పెళ్లి కుదిరింది, వరుడి ఊరు కొత్తకోట. పెళ్లికూతురినీ ఇంటి ముసలమ్మలనూ తీసుకుపోవడానికి బండి కావాలని ఆ పిల్ల మేనమామ వచ్చి, నన్నొకసారి, బండినొకసారి ఎగాదిగా చూసి, "నడిమిట్ల ఆగి లగ్గం తప్పిందనుకో, ఊళ్లె తలెత్తుకోలేవు, ముందుగాలే చెప్తున్న" అన్నాడు. ఒప్పుకున్నాను. ఈ కిరాయి నిలబడితే నేను ఊళ్లో నిలబడతాను, లేదంటే మూట సర్దుకోవాలి, అంతే లెక్క.

నల్గొండ మెకానిక్ రేడియేటర్ కడిగి, నీళ్లు మార్చి, ఇక చేయగలిగింది లేదంటూనే ఒక మాట చెప్పాడు. ఇంజను పీల్చే గాలిని చల్లబరచడానికి దాని నెత్తిన జాలీలాంటి పెట్టె ఒకటి ఉంటుందట, దాని మీద ఎదురుగాలి పడితే బండి వేడెక్కకుండా తేలిగ్గా లాగుతుందట, ఆ ఉత్త ముక్కు సరిగ్గా దాని మీదే కూర్చుందట. మరి కోయవయ్యా అంటే, రేపు తుప్పు పడితే నన్నంటావని చేతులు దులుపుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చాడు కిటికీల గ్రిల్స్ చేసే మా బావమరిది. ఇనుము కనిపిస్తే చాలు కోయాలనిపించే మనిషి.

మరునాడు పొద్దున్నే బానెట్ ఊడదీసి వాకిట్లో గోనెసంచుల మీద బోర్లా పడుకోబెట్టాం. కోత యంత్రం మోగబోతుంటే మా ఇంటామె ఆపి, "ఆడపిల్లకు ముక్కు గుట్టిచ్చేటప్పుడు ఉత్తగనే గుడ్తరా?" అని పసుపు పెట్టి, బెల్లం ముక్క దాని మీద ఉంచింది. అందరం నవ్వాం గానీ, ఆ బెల్లం తిన్నాకే పని మొదలైంది. బావమరిది ముక్కు కింది రేకు కోసి, అంచులు సుత్తితో మడిచి, ముక్కు లోపల అడ్డంగా ఉన్న ప్లాస్టిక్ గోడ తీసేసి, లోపలికొచ్చిన గాలి పక్కలకు పోకుండా జాలీ పెట్టె చుట్టూ పాత ట్యూబు రబ్బరు బిగించాడు. వాననీళ్లు ఇంజను మీద పడకుండా పక్కకు జారే దోవ కూడా పెట్టాడు. బాపు అరుగు మీద నూలు కండెలు చుట్టుకుంటూ, ఇటు చూడనట్టే చూస్తున్నాడు.

ఇక నా తెలివి చూడండి. మా మట్టి రోడ్ల దుమ్ము లోపలికి పోతుందని భయపడి, ఇంట్లో మిగిలిన మా నేత గుడ్డ ముక్కను గంజిలో ముంచి ఆరబెట్టి, ఆ ముక్కు నోటికి బిగుతుగా కట్టాను. నల్లబండికి ఎర్రపువ్వుల గుడ్డ! వీధంతా వచ్చి మెచ్చుకుంది. గర్వంగా చిట్యాల దాకా తీసుకుపోతే, ముల్లు ఎప్పట్లాగే ఎర్రగీత ఎక్కింది. తిరిగొచ్చి అరుగు మీద కూలబడ్డాను. అంతా అయిపోయిందనుకున్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

బాపు కండె కింద పెట్టి లేచాడు. బానెట్ ఎత్తించి, గుడ్డకు ఇటు పక్క మూతి ఆనించి ఊది, అటు పక్క అరచెయ్యి పెట్టి చూశాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, కోపమో నవ్వో తెలియని మొహంతో, "ఓరి పిచ్చోడా, మనం నేసిన గుడ్డలకెళ్లి గాలి వోతదారా? వోతే గది మన నేతేనా?" అన్నాడు. కత్తెర తెప్పించి ఆ గుడ్డను తనే కోశాడు. నేసిన బట్టలో పోగు తెగితేనే విలవిల్లాడే మనిషి, తన చేత్తో తన నేతను కోయడం నేను చూసింది అదొక్కసారే. జాలీ పెట్టెను దుమ్మేం చేయదు బావా, ఆకులూ పిట్టలూ పోకపోతే చాలని బావమరిది అనేసరికి, మా ఇంటామె లోపలికి పోయి పాత జల్లెడ తెచ్చి బాపు చేతిలో పెట్టింది. గుడ్డ ఉన్నచోట దాని జాలీని బిగించాం.

పెళ్లిరోజు పొద్దున్నే బయల్దేరాం. దేవరకొండ దాటి, బండరాళ్ల గుట్టలు సెగలు కక్కుతున్న వేళకు పెళ్లికూతురి అవ్వ ముందు సీట్లోంచి "ఏ చెట్టు కింద ఆపుతవు కొడుకా?" అని అడిగింది. "ఇయ్యాల చెట్లు లెవ్వు అవ్వా" అన్నాను. మాటైతే అన్నాను గానీ నా కన్ను ముల్లు మీదే ఉంది. కల్వకుర్తి పోయింది, నాగర్‌కర్నూల్ పోయింది, ముల్లు నడుమ నుంచి పైకి లేవలేదు. కొత్తకోట పెద్దరోడ్డు ఎక్కి పెళ్లింటి ముందు ఆగేసరికి వరుడివైపు వాళ్లింకా పందిట్లో కుర్చీలు వేస్తున్నారు. మేనమామ నా భుజం మీద చెయ్యి వేసి భోజనాల వైపు నడిపించాడు. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

భీవండి మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు. పిల్లల చదువులన్నీ ఆ బండే మోసింది. బాపు నన్నైతే ఎన్నడూ మెచ్చుకోలేదు గానీ, ఇంటికెవరొచ్చినా బండి దగ్గరికి తీసుకుపోయి, ముక్కులో చెయ్యి పెట్టి చూడమనేవాడు. ఇప్పుడు కొయ్యమన్నా అదే బానెట్ మళ్లీ కోస్తాను.

బండి పాతబడి తుక్కుకు పోయింది. అంతకు ముందే బాపు పోయాడు. మగ్గం గుంతలు పూడ్చి మేమే టైల్స్ పరిచాం. మొన్న కారు పూజలో మా తమ్ముడి కోడలు కట్టుకున్న చీర మీద అచ్చంగా మా పువ్వే కనిపిస్తే, అలవాటుకొద్దీ కొంగు తిరగేసి చూశాను. నేసిన పువ్వైతే రెండు వైపులా కనిపిస్తుంది, ఇది వెనక తెల్లగా ఉంది, అచ్చు వేసిన పువ్వు. బాగుంది బిడ్డా అన్నాను, నిజంగానే బాగుంది. బాపు ఉంటే ఆ ముక్కులో వేలు పెట్టి, ఈ కొంగు తిరగేసి, రెండింటికీ కలిపి ఉత్త షోకే అని ఒకటే మాట అనేవాడు. గాలి పోతే అది మన నేతేనా అని గర్వంగా అడిగే గొంతు మా వీధిలో ఇప్పుడు ఒక్కటీ లేదు, అడిగినా చూపించడానికి ఇంట్లో మగ్గం లేదు.