ఆఖరి అధ్యాయం లేని జిరాక్సు

యూనివర్సిటీలో మా చరిత్ర విభాగంలో అందరి మీదా ఒక విదేశీ ఆర్థిక చరిత్రకారుడి ప్రభావం ఉండేది. యంత్రాలు ఎక్కడ పుడతాయి, ఎందుకు వ్యాపిస్తాయి అన్నది ఆయన జీవితకాలపు పరిశోధన. ముందు మనుషుల బుర్రలు మారాలి, ప్రగతి మీద నమ్మకం కుదరాలి, ఆ తరవాతే యంత్రం వస్తుందని ఒక లావుపాటి పుస్తకంలో రాశాడు. ఆ పుస్తకం మా దగ్గర లేదు. దాని జిరాక్సు ఉంది.

జిరాక్సు తెచ్చింది మా గైడుగారు. వయసులో ఉన్నప్పుడు ఆ మహానుభావుడి దగ్గర ఒక వేసవి కోర్సుకు వెళ్లొచ్చారు. అక్కడి గ్రూపు ఫోటో ఆయన గదిలో గోడకు ఉండేది. అందులో మహానుభావుడి భుజం వెనక మా సారు ఎడమ చెవి కనిపిస్తుంది. ఎవరొచ్చినా ఆ చెవిని చూపించేవారు. కోర్సు చివరి రోజున లైబ్రరీ మూసే వేళకు ఆఖరి అధ్యాయం ఒక్కటి మిగిలిపోయిందనీ, తెల్లారితే విమానమనీ సాహసయాత్రలా చెప్పుకునేవారు. కాబట్టి ఆ అధ్యాయం లేదన్నది దాపరికమేమీ కాదు. అది లేని లోటు ఎవరికీ తెలియలేదు, అంతే.

ఆ ప్రతికి తార్నాకలో ప్రతులు, ప్రతులకు మళ్లీ ప్రతులు, అన్నిటికీ స్పైరల్ బైండింగు. ఒక పేజీ మీద సారు బొటనవేలి నీడ నల్లగా పడింది. తరాలు మారినా ఆ వేలు చెరగలేదు. పూర్వం శిష్యుడే గురువుకు బొటనవేలు ఇచ్చుకునేవాడట. మా దగ్గర గురువుగారే అందరికీ ఉదారంగా పంచిపెట్టారు. దాని కింద ఏ వాక్యం ఉందో ఎవరికీ తెలియదు. అయినా ఆ పేజీని ఉటంకించని థీసిస్ మా విభాగం గడప దాటలేదు.

మాది రాయలసీమ నుంచి ఉద్యోగం కోసం వచ్చి తార్నాకలో పాతుకుపోయిన కుటుంబం. నా అంశం తెలంగాణ పల్లెల్లో బోరు మోటార్ల చరిత్ర. మూడో అధ్యాయం దాకా అది పరిశోధన, ఆ తరవాత ఉత్త శోధన. నేను తిరిగిన ఊళ్లలో చెరువులు పూడిపోయాయి, కాలువ రాలేదు, బోరు వేయక తప్పలేదు. సారు ప్రగతి అంటున్నదాన్ని నేను మూడో అధ్యాయంలో గత్యంతరం లేకపోవడం అని రాశాను.

"చూడమ్మా," అన్నారు సారు. ఆయనది కోస్తా, కాపురం రామంతాపూర్‌లో. "మావాళ్లొచ్చి సేద్యం చేసి చూపించాకే వీళ్లకు యంత్రం మీద నమ్మకం కుదిరింది. పుస్తకంలో ఉన్నదీ అదే."

"పుస్తకంలో తెలంగాణ ఊసే లేదు కదండీ సార్?"

"సిద్ధాంతం ఉందిగా! మూడో అధ్యాయం తీసెయ్. లేదంటే నేను సంతకం పెట్టను."

సంతకం లేనిదే సమర్పణ లేదు. పొడిగించిన గడువు కూడా అయిపోవస్తోంది. ఆ అధ్యాయం తీసేస్తే నాది అనుకోదగ్గది కృతజ్ఞతల పేజీ ఒక్కటే మిగులుతుంది. అందులోనూ సగం సారుకే పోయింది.

క్యాంపస్ ఉడికిపోతున్న రోజులవి. తార్నాక చౌరస్తాలో ముళ్లకంచెలు, హాస్టళ్ల మీదికి టియర్ గ్యాస్. సమర్పణకు ముందు నేనివ్వాల్సిన సెమినారుకు తేదీ వేయడం, బంద్ పిలుపు రావడం, వాయిదా. బయట వాళ్లు రాష్ట్రం అడుగుతున్నారు, లోపల నేను ఒక అధ్యాయం అడుగుతున్నాను. రెండింటికీ పరిశీలనలో ఉందనే జవాబు.

నల్లగొండ నుంచి వచ్చిన జూనియర్ స్కాలర్ ఒకడు నన్ను క్యాంటీన్లో పట్టుకున్నాడు.

"ఏందక్కా, మీ సారు ఇంక ఆఖరి చాప్టర్ దాకా రాలేదా?"

"ఆయన లైబ్రరీ ఇంకా తెరవలేదు నాయనా."

"గట్లనే కూసుంటవా మరి? ఢిల్లీల మా దోస్తున్నడు. గాడ అసలు పుస్తకమే ఉన్నదంట. స్కాన్ చేసి పంపిస్తడు."

పంపించాడు. ఆఖరి అధ్యాయంలో మహానుభావుడు తన సిద్ధాంతానికి తనే కత్తెర వేసుకున్నాడు. నీళ్లు లేకో, ప్రభుత్వం పట్టించుకోకో, బతుకు జరగకో జనం యంత్రాన్ని ఆశ్రయించిన చోట తన మాట చెల్లదనీ, అక్కడి చరిత్ర అక్కడివాళ్లే రాయాలనీ దాని సారాంశం. నా మూడో అధ్యాయాన్ని ఆయన నేను బడికి పోయే రోజుల్లోనే అడిగి పెట్టాడన్నమాట.

ప్రింటు తీసి సారుకిచ్చాను. నూనె ఓడుతున్న పకోడీ పొట్లాన్ని పట్టుకున్నట్టు కొసలతో పట్టుకుని చూశారు.

"ఇది అంత ముఖ్యమైనదే అయితే అప్పుడే నేను జిరాక్స్ తీయించుకునేవాణ్ని కదమ్మా!"

చివరికి బంద్ లేని రోజొకటి దొరికి సెమినారు జరిగింది. ముందు వరసలో సారు పాత శిష్యులు, ఇప్పటి అధ్యాపకులు, ఒళ్లో స్పైరల్ ప్రతులు. బయట నినాదాలు. నేను ఆ ఆఖరి అధ్యాయంలోని పేజీ గట్టిగా చదివాను. ముందు వరసలో ఒకాయన తన ప్రతి చివరికి తిప్పి, ప్లాస్టిక్ అట్ట తడిమి, మళ్లీ మూసేశాడు.

సారు లేచారు. "ఆయన గొప్పవాడే, కాదనను. కానీ తన ప్రభావం ఏమిటో ఆయనకే సరిగ్గా అర్థమైనట్టు లేదు."

ముందు వరస తలలన్నీ ఊగాయి.

"అయితే ఆయనకు గూడ ఒక జిరాక్స్ పంపియ్యాలె సార్!" వెనక నుంచి నా నల్లగొండ తమ్ముడు. హాలంతా నవ్వింది. సారూ నవ్వారు, మెచ్చుకున్నాడనుకుని.

రాష్ట్రం వచ్చేటట్టుందని అప్పటికే అందరూ అనుకుంటున్నారు. సారు మాటల్లో 'వీళ్లు' పోయి 'మనవాళ్లు' వచ్చింది. సెమినారయ్యాక వరండాలో నన్ను పక్కకు పిలిచారు.

"పూర్తిగా తీసెయ్యక్కర్లేదులే. వెనక అనుబంధంగా పెట్టుకో."

పెట్టుకున్నాను. బంధం తెగకుండా అనుబంధమైనా దక్కింది. సారు సంతకం పెట్టారు. తరవాత కొద్ది రోజులకే పత్రికలో వ్యాసం రాశారు: తెలంగాణ రైతు బుర్ర అందరికన్నా ముందే మారిందనీ, బోరు మోటార్లే అందుకు సాక్ష్యమనీ. అదే పుస్తకం, అదే పేజీ, అదే వేలు. ఇంత సాగే సిద్ధాంతాన్ని కనిపెట్టినవాడి ప్రభావాన్ని నేను తక్కువ అంచనా వేశానేమో!

మొన్నామధ్య తార్నాక జిరాక్సు షాపుకు వెళితే, కౌంటరు మీద నా థీసిస్. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న స్కాలర్ ఎవరో కాపీ తీయించుకుంటున్నాడు.

"మొత్తం తియ్యాల్నా?" అడిగాడు షాపతను.

"అన్నా, వెనక అనుబంధం వద్దు. మెయిన్ చాప్టర్లు చాలు."

షాపతను నా వైపు తిరిగాడు. "మేడమ్, మీకేం కావాలె?"

"ఆయన వద్దన్న పేజీలు," అన్నాను. తీసిచ్చాక వాటిని ఆ స్కాలర్ కట్ట మీదే పెట్టి, కలిపి బైండు చేయమన్నాను.

స్కాలర్ నన్ను ఎగాదిగా చూశాడు. "ఎందుకు మేడమ్? ఇదైతే మా సారు అడగడు."

"అందుకే," అన్నాను.