షిఫ్టుల మధ్య క్రిస్మస్ నాటకం

చర్చి ఆఫీసు గదిలో మొన్న ఒక అమ్మాయి కార్బన్ కాగితాల కట్ట విప్పింది. ఇంకా ఎక్కడో అమ్ముతున్నారన్నమాట. ఆ నూనె వాసన తగలగానే నాకు ఇల్లందు గుర్తొచ్చింది. బొటనవేలికి ఎప్పుడూ నీలి మరకతో తిరిగే ఏలియా కాక గుర్తొచ్చాడు. ఆయన బొగ్గుబావిలో సర్దార్. తన షిఫ్టు వాళ్లు పనిచేసే చోట పైకప్పు గట్టిగా ఉందా, గాలి బాగుందా అని చూసే బాధ్యత ఆయనది. ఎనభైలలో మా చర్చి క్రిస్మస్ నాటకాన్ని నిలబెట్టిందీ ఆయనే.

అప్పుడు నేను బడిలో పంతులమ్మను. నాటకంలో వేషాలు వేసేవాళ్లంతా గని కార్మికులు. మూడు షిఫ్టుల వాళ్లూ ఒక్కచోట చేరే రోజే ఉండేది కాదు. పొద్దున వచ్చినవాళ్లకు నేను, సాయంత్రం వచ్చినవాళ్లకు పాస్టరమ్మగారు నేర్పించేవాళ్లం. ఒక ఏడాది గొల్లల్లో సగం మంది ఎడమ నుంచి, సగం మంది కుడి నుంచి వచ్చి వేదిక నడుమ గుద్దుకున్నారు. గొర్రెపిల్ల బెదిరి జనంలోకి దూకింది. దేవదూత నవ్వాపుకోలేక తెర వెనక్కి పోయాడు. సంఘపెద్ద అప్పుడే తేల్చేశాడు: "దేవుని మాట నవ్వులపాలైంది. వచ్చే ఏడు గూడ గిట్లనే అయితె నాటకం బంద్. పాటలు పాడుకుందాం." నాకు మాత్రం నాటకం ఆగకూడదనిపించింది. చదువు రాని గూడేల వాళ్లు, మా చర్చి గడప తొక్కని వాళ్లు, రక్షకుని పుట్టుక గురించి వినేది ఆ నాటకంలోనే.

మరుసటి ఏడాది ఏలియా కాక ముందుకొచ్చాడు. "బాయిల ఒక షిఫ్టు ఎక్కుతాంటె ఇంకో షిఫ్టు దిగుతది బిడ్డా. పైకప్పు ఏడ కదులుతుందో నేను నోటితోని చెప్పి పోతనా? రాసి పోత. వచ్చే సర్దార్ చదివి సంతకం పెట్టినంకనే మందిని పనిల పెడ్తడు. నాటకానికి గూడ గట్ల జేస్తె ఏంది?" అన్నాడు. అప్పటి నుంచి ప్రతి రిహార్సల్ చివరా ఒక కాగితం తయారయ్యేది. ఆ రోజు ఏది ఖాయమైంది, ఏది మారింది, ఏ సామాను ఇంకా రాలేదు, ఎవరు తేవాలి, ఎవరైనా రాకపోతే ఆ వేషం ఎవరిది, అన్నీ అందులో ఉండేవి. కాక కార్బన్ పెట్టి రాసి ఒకటి చర్చి గోడకు అంటించేవాడు, ఒకటి పాస్టరమ్మగారికి, ఒకటి తర్వాతి షిఫ్టు వాళ్లకు ఇచ్చేవాడు. "గొల్లల గొంగళ్ల సంగతి అందరికీ తెలుసు" అని నేను రాస్తే కొట్టేశాడు. "అందరికి అంటె ఎవ్వరికి గాదు. పేరు రాయి." యేసు తల్లిదండ్రులకు చోటు లేదని తలుపు మూసే సత్రం యజమాని వేషం వేసే యాకోబుకు ఇదంతా వేళాకోళం.

"కాకా, యేసయ్య పుట్టుడుకు గూడ హాజరు పట్టీయా?"

"నీ నోటికి గూడ ఒక పట్టీ రాస్త గని, ముందు ఈడ సంతకం పెట్టు."

చదువు రానివాళ్లకు చదివి వినిపించి, వాళ్ల నోటితో మళ్లీ చెప్పించుకునేవాడు.

గూడేల వాళ్లు వెలుగుండగానే ఇళ్లకు చేరాలని నాటకం మధ్యాహ్నమే పెట్టుకున్నాం. జనం కూర్చున్నాక గని నుంచి కబురొచ్చింది. పైకప్పు కొంత కూలింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు, కానీ సరిచేసేదాకా కాకా, పసిబిడ్డ యేసుకు కానుక తెచ్చే జ్ఞాని వేషం వేయాల్సిన సమూయేలూ పైకి రారు. సంఘపెద్ద నా దగ్గరికి వచ్చాడు. "సర్దార్ లేడు. ఇగ ఆపుదాం పంతులమ్మా. మల్ల నవ్విచ్చుకోవద్దు." కళ్లు మూసుకుని "ప్రభువా" అన్నాను. తెరిచేసరికి యాకోబు గోడ దగ్గర నిలబడి కాగితం చదువుతున్నాడు. "సమూయేలు రాకుంటె నేనే జ్ఞాని. నా సత్రం పని గప్పటికి అయిపోతది. కాక గిట్లనే రాసిండు" అన్నాడు. ఆ గొంతులో వేళాకోళం లేదు. "ఆపేది లేదయ్యా, మొదలుపెడుతున్నాం" అన్నాను పెద్దాయనతో.

గొల్లలంతా ఒకే దిక్కు నుంచి వచ్చారు. సత్రం తలుపు మూసి వెళ్లిన యాకోబు కిరీటం పెట్టుకుని, కానుక పట్టుకుని తిరిగొచ్చాడు. ముందు వరసలో ఒక ముసలమ్మ పైకే అంది: "గప్పుడు తలుపేసినోడే గదా! బుద్ధొచ్చింది." ఎవరూ నవ్వలేదు. మారుమనస్సు గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. అంతగా మనసును తాకింది మాత్రం ఆమె మాటే.

జనం లేస్తుండగా కాక వచ్చాడు, ఒళ్లంతా బొగ్గు. సంఘపెద్ద ఎదురెళ్లి చేయి పట్టుకున్నాడు. "ఏలియా, నువ్వు లేకున్నా నడిచిందయ్యా! వచ్చే ఏడు గూడ ఉంటది."

"నేను లేకున్నా నడవాల్ననే గదా పెద్దయ్యా రాసింది" అని, కాక తాగడానికి నీళ్లడిగాడు.

ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఇక్కడి చర్చిలో క్రిస్మస్ నాటకం చూసుకునేది నేనే. ఈ క్రిస్మస్ వారంలోనే నాకు మోకాలి ఆపరేషన్. "మీరు లేకుండా ఎట్లా అమ్మా, వాయిదా వేయించుకోండి" అని అమ్మాయిలు బతిమాలారు. వేయించుకోలేదు. ఎవరి పని ఏదో పేర్లతో రాసిచ్చి, వాళ్లతోనే చెప్పించుకున్నాను. నాటకం ఆడే సాయంత్రం దవాఖానా మంచం మీద ప్రార్థన చేసుకుంటాను. ఎట్లా జరుగుతోందని ఫోన్ మాత్రం చేయను.